ఆరో నెల దాటాక

మూడో నెలలోనో, ఐదో నెలలోనో మంచిరోజు చూసి బాలింతను అత్తారింటికి పంపుతారు. నాలుగు సరి నెల, పనికిరాదంటారు. కారు డిక్కీలో చలిమిడి గిన్నె, సున్నుండల డబ్బా, మడిచిన దోమతెర, ఎవరో పెద్దమ్మ కుట్టిన బొంత. చేతిసంచిలో ఆస్పత్రివాళ్లు ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు. అంచులు నలిగి, టీకాల పేజీ దగ్గర మడతపడి ఉంటుంది. కారు కదిలేముందు అమ్మమ్మ చెప్పే మాట ఏ ఊళ్లోనైనా ఇంచుమించు ఒకటే: "ఏదైనా ఉంటే ఫోన్ చెయ్యమ్మా." అప్పటిదాకా పక్కగదిలో దొరికిన సాయం ఆ రోజు నుంచి ఫోన్‌లోకి మారిపోతుంది.

పిల్లల్ని పెంచేవాళ్లకు తెలుగునాట అందే ఆసరా గురించి మాట్లాడాలంటే ఈ ప్రయాణం దగ్గర మొదలుపెట్టాలి. ఆసరా ఇక్కడ లేకపోలేదు. కాకపోతే చాలావరకు మొదట్లోనే అయిపోతుంది. సీమంతం, సూడిదలు, పురుడు, బారసాల, తొట్టెల ఫంక్షన్ అంటూ తొలి కాన్పు చుట్టూ మనుషులు కిక్కిరిసి ఉంటారు. తర్వాత ఏళ్లకేళ్లు పలచబడుతూ పోతారు. రెండో కాన్పుకు ఆ సందడిలో సగం కూడా ఉండదన్నది రెండోవాణ్ణి కన్న ఏ తల్లినడిగినా చెబుతుంది.

పుట్టింటి పురుడును ఆచారమనో మూఢత్వమనో ఒక్క మాటలో తేల్చేయడం తేలిక. నిజానికి అదొక పని ఏర్పాటు. తెలంగాణలో తల్లిగారిల్లు అన్నా, కోస్తాలో పుట్టిల్లు అన్నా జరిగేది ఒకటే. బాలింత వంట చెయ్యదు, బరువెత్తదు, రాత్రి బిడ్డ లేస్తే పక్కన ఇంకో మనిషి లేస్తుంది. అన్నంలో వెల్లుల్లి కారం, పొద్దున్నే కాయం ముద్ద, సాంబ్రాణి పొగ. ఇందులో కొన్నింటివల్ల మేలు లేదు. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వడం, బిడ్డ నాలుకకు తేనె రాయడం లాంటివి డాక్టర్లు వద్దని గట్టిగా చెప్పే పనులు. కానీ ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ ఉపయోగపడే మనిషి మందులిచ్చే మనిషి కాదు, బిడ్డకు నీళ్లు పోయడానికి రోజూ వచ్చే మనిషి. పీట మీద కూర్చుని, కాళ్లు బారజాపి, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని సున్నిపిండితో నలుగు పెడుతుంది. మాడు పల్లం పడిందా, పిరుదుల దగ్గర ఒరుసుకుపోయిందా, నిన్నటికంటే ఏడుపు నీరసంగా ఉందా అన్నది ఆమె చేతికి ముందు తెలుస్తుంది. ఇక్కడ పోసి ఇంకో రెండిళ్లకు వెళ్తుంది కాబట్టి, "వాళ్ల పిల్లవాడూ ఇంతేనమ్మా, మూడు రోజులకోసారి గాని విరేచనం అవదు" అన్న కబురు కూడా ఆమెతోపాటే ఇల్లు మారుతుంది. తన బిడ్డ ఒక్కడే ఇలా ఉన్నాడన్న భయం సగం అక్కడే తగ్గుతుంది.

ఈ ఏర్పాటు ఐదో నెలకు ముగుస్తుంది. ముగియాలి కూడా, ఎవరి సంసారం వారిది. తమాషా ఏమిటంటే, దీనితో ఏ సంబంధమూ లేని సర్కారు ఏర్పాట్లు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే ఒకటొకటిగా పక్కకు తప్పుకుంటాయి.

లెక్క వేసి చూడండి. ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూడాల్సిన రోజులు 3, 7, 14, 21, 28, 42. అక్కడితో నవజాత శిశువు విడత అయిపోతుంది. జాతీయ టీకాల పట్టికలో పుట్టినప్పటివి పోగా 6, 10, 14 వారాలకు టీకాలుంటాయి. పద్నాలుగో వారం తర్వాత మళ్లీ పిలుపు తొమ్మిది నెలలు నిండాకే. మధ్యలో ఐదు నెలలకు పైగా బిడ్డను తీసుకుని ఎక్కడికీ వెళ్లాల్సిన పని ఉండదు. ప్రైవేటు పిల్లల డాక్టర్లు ఈలోగా ఫ్లూ, టైఫాయిడ్ టీకాలు రాస్తారు కాబట్టి, డబ్బు పెట్టగలిగినవాళ్లకు ఒకటి రెండు సార్లు డాక్టరు ముఖం కనబడుతుంది. అంగన్‌వాడీలో పాలిచ్చే తల్లికి పోషకాహారం ప్రసవమైన ఆరు నెలల వరకే. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద కేంద్రంలోనే కూర్చోబెట్టి పెట్టే భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు కూడా అంతవరకే. ఏడో నెల నుంచి బిడ్డ పేరు మీద బాలామృతం పొడి వస్తుంది. అంటే ఆరు నెలలు నిండగానే రిజిస్టర్లో తల్లి గడి ఖాళీ అయ్యి, బిడ్డ గడి మొదలవుతుంది. ఉద్యోగం చేసే ఆమెకు 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. అది కూడా తొలి ఇద్దరు పిల్లలకే, మామూలుగా పదిమందో అంతకంటే ఎక్కువో పనిచేసే చోట్లలోనే. అందులో ఎనిమిది వారాలు కాన్పుకు ముందే వాడుకుంటే, బిడ్డకు నాలుగు నెలలు దాటగానే ఆఫీసుకు వెళ్లాలి.

పుట్టిల్లు, ఆశా, టీకా, అంగన్‌వాడీ, సెలవు. ఒక్కోదానికీ అక్కడ ఆగడానికి దాని కారణం దానికుంది. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు, అంతే.

సరిగ్గా అప్పుడే పని పెరుగుతుంది. ఆరో నెలలో అన్నప్రాశన చేస్తారు. బంధువులొస్తారు, పుస్తకం, కత్తి, బంగారం, పరమాన్నం ముందు పెట్టి దేన్ని పట్టుకుంటాడో చూసి నవ్వుకుంటారు, భోంచేసి వెళ్తారు. మర్నాటి నుంచి రోజుకు రెండు మూడుసార్లు ఆ పిల్లవాడి నోట్లోకి ముద్ద వెళ్లాలి. ఉమ్మేస్తాడు. పళ్లు వస్తూ ఉంటాయి, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు, విరేచనాలు పట్టుకుంటాయి. పాలు తాగే బిడ్డకు అన్నీ తల్లి ఒంట్లోనే ఉంటాయి. ముద్ద తినే బిడ్డకు శుభ్రమైన గిన్నె, కాచిన నీళ్లు, ఓపిక, ఓ గంట టైమ్ కావాలి. చాలామంది పిల్లలు బరువు పెరగకుండా ఆగిపోయేది ఈ ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్యే.

ఈ ఖాళీ సంగతి ప్రభుత్వం గమనించకపోలేదు. 2018లో ఆశాలకు ఇంకో బాధ్యత చేర్చారు: 3, 6, 9, 12, 15 నెలలకు మళ్లీ ఇంటికి వెళ్లి బిడ్డ తిండి, ఎదుగుదల చూడాలి. ఆలోచన సరైనదే. ఒక్కో సందర్శనకు 50 రూపాయలు, ఐదింటికీ కలిపి 250. దాదాపు వెయ్యి మంది జనాభాకు ఒక ఆశా. దీనికి తోడు తెలుగిళ్ల చిక్కు ఒకటుంది. మూడో నెలలో బిడ్డ ఉండేది అమ్మమ్మ ఊళ్లో, ఆరో నెలకు నానమ్మ ఊళ్లో, తొమ్మిదో నెలకు హైదరాబాద్‌లో అద్దె పోర్షన్లో. గర్భిణిగా పేరు రాయించుకున్నది ఒక చోట, ప్రసవం ఇంకో చోట, పెంపకం మరో చోట. "ఆ అమ్మాయి వెళ్లిపోయిందండీ" అని ఒక ఆశా, "ఆ అమ్మాయి మా లిస్టులో లేదండీ" అని ఇంకో ఆశా చెబితే ఇద్దరూ నిజమే చెప్పినట్టు. ఊరు మారినా వెంట వచ్చేది ఆ నలిగిన కార్డే. కొత్త ఊళ్లో బుధవారమో శనివారమో టీకాల రోజున దాన్ని పట్టుకుని వెళ్లి టీకాలు వేసే నర్సుకు (ఏఎన్‌ఎంకు) చూపించి పేరు ఎక్కించుకున్న తల్లికి దారి తెరుచుకుంటుంది. బిడ్డ సంగతి ఇలా ఉంటే, తల్లి మనసు సంగతి పట్టించుకునేవాళ్లు ఇంకా తక్కువ. వర్ధమాన దేశాల్లో బాలింతల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ లాంటి మానసిక సమస్య వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అది పురిటి మంచం మీద ఉండగానే రావాలనేముంది, కాన్పయిన ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు. చుట్టూ పదిమంది ఉన్నప్పుడు ఎవరో ఒకరు గమనిస్తారు. మూడో అంతస్తు ఫ్లాట్లో మొగుడు ఆఫీసుకు వెళ్లాక గమనించేదెవరు? ఇంట్లోవాళ్లు చూసినా దిష్టి అంటారు, నిద్రలేమి అంటారు. రెండు వారాలు దాటినా ఏడుపు, బిడ్డ మీద ఏ భావమూ లేకపోవడం ఉంటే ఆస్పత్రికి వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మరి ఆ ఫ్లాట్లో ఉన్న మనిషికి తోడు ఎలా దొరుకుతుంది? నగరాల్లో చూస్తే, ఎక్కువగా సాయంత్రం ఐదింటికి సెల్లారు ముందు దొరుకుతుంది. అపార్ట్‌మెంట్ గేటు లోపల, వాచ్‌మన్ గది పక్కన, కాస్త నీడపడే చోట. ఒకామె చేతిలో ఉగ్గు గిన్నె, పిల్లవాడు చంకలో. కాకిని చూపించి ఒక ముద్ద, బైకును చూపించి ఒక ముద్ద. ఇంకొకామె అదే పని మీద దిగుతుంది. మూడో రోజుకు "మీవాడికి ఏం పెడుతున్నారండీ" అన్న మాట కలుస్తుంది. పదో రోజుకు ఒకరు ఎసరు పెట్టి వచ్చేలోగా ఇంకొకరు ఇద్దరు పిల్లల్నీ చూస్తారు. వాట్సాప్ గ్రూపు తర్వాత పుడుతుంది. గ్రూపుతో మొదలైన స్నేహాలకూ, గేటు దగ్గర మొదలై గ్రూపులోకి వెళ్లిన స్నేహాలకూ తేడా ఉంది. మొదటి రకంలో రాత్రి రెండింటికి జ్వరం వస్తే మందు పేరు దొరుకుతుంది. రెండో రకంలో తలుపు కొట్టొచ్చు.

పల్లెల్లో విచిత్రంగా, మాట్లాడుకునే వేదిక సిద్ధంగా ఉంది, కొత్త తల్లికి మాత్రం అందులో చోటు తక్కువ. డ్వాక్రా సంఘం నెలనెలా కూర్చుంటుంది, పది పదిహేను మంది ఆడవాళ్లు, పొదుపు, అప్పు, సంతకాలు. చాలా ఇళ్లలో సభ్యురాలు అత్తగారు. కోడలు బిడ్డతో ఇంట్లో ఉంటుంది. అత్తగారు మంచిదైతే అక్కడ విన్నది ఇంటికి తెస్తుంది.

తండ్రుల సంగతి ఇంకా పలచన. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు ఉద్యోగికి ఇవ్వాలని చట్టమే లేదు, కంపెనీ దయ. పురుడంతా పుట్టింట్లో జరగడంవల్ల తండ్రి శనివారం రాత్రి బస్సెక్కి వచ్చి ఆదివారం రాత్రి వెళ్లే చుట్టం అవుతాడు. అల్లుడికి మర్యాదలు జరుగుతాయి గాని, డైపర్ మార్చడం ఎవరూ నేర్పరు. ఐదో నెలలో భార్యాబిడ్డలు వచ్చేసరికి ఇంట్లో తొలిరోజు ఉద్యోగి అతనే. టీ కొట్టు దగ్గర క్రికెట్, ప్లాట్ల రేట్లు మాట్లాడుకునే మగవాళ్లు బిడ్డకు మూడు రోజులుగా విరేచనం కాలేదన్న మాట ఎత్తడం ఎప్పుడైనా విన్నామా? పుట్టింటి పురుడులో మార్చాల్సింది ఏదైనా ఉంటే, పథ్యం కంటే ముందు తండ్రిని చుట్టంలా చూసే ఈ పద్ధతి.

తోడు ఎక్కడ గట్టిగా నిలబడుతుందో తెలియాలంటే హైదరాబాద్‌లో ఒక చోటు చూడాలి. తలసీమియా అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారవని, పుట్టుకతో వచ్చే జబ్బు. అది ఉన్న పిల్లల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి 1998లో అక్కడ తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీని పెట్టుకున్నారు. ఆ జబ్బు తీవ్రరూపమైన తలసీమియా మేజర్ ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, బతికినంతకాలం. ఎక్కించిన రక్తంతో ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, దాన్ని తీసే మందు విడిగా వాడాలి. రక్తం ఎక్కడానికి గంటలు పడుతుంది. అన్ని గంటలూ తల్లో తండ్రో మంచం పక్కనే కూర్చోవాలి. పక్క మంచం దగ్గర ఇంకో తల్లి. మూడు వారాల తర్వాత మళ్లీ అదే హాలు, దాదాపు అవే ముఖాలు. ఆరు నెలల బిడ్డతో, రిపోర్టు చేతిలో పట్టుకుని తొలిసారి వచ్చిన జంటకు, పక్క మంచం మీద పద్దెనిమిదేళ్ల కుర్రాడు చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రక్తం ఎక్కించుకుంటూ కనబడటం ఏ కౌన్సెలింగ్ కంటే ఎక్కువ పని చేస్తుంది. తర్వాతి గర్భం సంగతి, అంటే భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే (తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువు మోసేవాళ్లయితే) ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుందనీ, క్యారియర్లో కాదో చెప్పే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష ముందే చేయించుకోవచ్చనీ, డాక్టరు చెప్పినదాన్ని మళ్లీ ఇంటి మాటల్లో చెప్పేది కూడా ఆ పక్క మంచం మనిషే.

అక్కడ ప్రేమ ఎక్కువై ఇది జరగడం లేదు. ఒకే బాధ ఉన్నవాళ్లు ఒకే చోటికి, తప్పనిసరిగా, మళ్లీమళ్లీ వస్తారు, గంటలకొద్దీ కూర్చుంటారు. టీకాల రోజు, సెల్లారు ముందు ఉగ్గు గిన్నె, నీళ్లు పోసే మనిషి ఇల్లిల్లూ తిరగడం చిన్న ఎత్తున ఇదే.

బడి దశ దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న అన్ని ప్రభుత్వ బడుల్లో ఒకేరోజు తల్లిదండ్రుల మెగా సమావేశం జరిపారు. ప్రైవేటు బడులకు వెళ్లే పిల్లల తల్లులకు పొద్దున ఏడున్నరకు స్కూలు బస్సు ఆగే మలుపే కమిటీ. పనికొచ్చే ముచ్చట్లన్నీ అక్కడే తేలతాయి.

ఇంటర్ దగ్గరికి వచ్చేసరికి పైన చెప్పిన సూత్రం తలకిందులవుతుంది. రెసిడెన్షియల్ కాలేజీ గేటు ముందు ఔటింగ్ ఆదివారం చూడండి. చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని కుటుంబాలు కూర్చుంటాయి. క్యారియర్లో చికెన్ వేపుడు, పెరుగన్నం, పచ్చళ్ల సీసాలు. అందరి పిల్లలూ చిక్కిపోయే ఉన్నారు, అందరి తల్లులూ అదే చూస్తున్నారు. పది అడుగుల దూరంలో ఇంకో కుటుంబం అదే టెన్షన్‌లో ఉంటుంది. అయినా పక్క దుప్పటివాళ్లతో నడిచే మాట ఒకటే: "మీవాడికి ఎన్ని వస్తున్నాయి?" నాలుగొందల డెబ్భై అనగానే అక్కడితో మాట ఆగిపోతుంది. నావాడు రాత్రి ఫోన్ చేసి ఏడ్చాడన్న సంగతి, ర్యాంకులో మనవాడి ముందున్న పిల్లవాడి తల్లితో చెప్పుకోలేరు. తలసీమియా హాల్లో ఒకరి బిడ్డ బాగుపడితే ఇంకొకరికి ఆశ కలుగుతుంది. ఇక్కడ ఒకరి బిడ్డ బాగా రాస్తే ఇంకొకరికి గుబులు. ఒకే చోటికి మళ్లీమళ్లీ వచ్చినా, పోటీ ఉన్న చోట తోడు పుట్టదు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మార్కుల్లో తప్పులు దొర్లాయన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. నాంపల్లిలో ఇంటర్ బోర్డు ముందు రోడ్డు మీద చేరిన తల్లిదండ్రుల్లో చాలామందికి తమలాంటి వాళ్లు ఇంతమంది ఉన్నారని తెలిసింది అప్పుడే. ఫెయిలైన మూడు లక్షల మందికి పైగా విద్యార్థుల జవాబు పత్రాలను ఉచితంగా మళ్లీ పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించాల్సి వచ్చింది. ఆ కలయిక కొద్దిరోజులదే. జూన్‌లో కొత్త బ్యాచ్ మొదలయ్యేసరికి ఎవరి దుప్పటి వారిది.

పద్దెనిమిదేళ్లు నిండాక చాలామందికి పెంపకం ఒక ఒడ్డుకు చేరినట్టే. మానసిక ఎదుగుదల లేని పిల్లలున్నవాళ్లకు మాత్రం అసలు ప్రశ్న అప్పుడు మొదలవుతుంది: మా తర్వాత ఎవరు? మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థకు దేశం నలుమూలల నుంచీ పిల్లల్ని తీసుకొస్తారు. అక్కడి వరండాల్లో కలుసుకున్న తల్లిదండ్రులకు ఒకరి నుంచి ఒకరికి అందే సమాచారంలో ముఖ్యమైనది చట్టం సంగతి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవారికి పద్దెనిమిదేళ్లు దాటాక చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించవచ్చు. కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. కన్న తల్లిదండ్రులే అయినా సంతకం పెట్టే హక్కు కోసం ఈ కాగితం తెచ్చుకోవాలని చాలామందికి బ్యాంకు కౌంటరు దగ్గర తిప్పి పంపినప్పుడే తెలుస్తుంది. అదే చట్టం కింద నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది.

ఇక పిల్లలు అమెరికా వెళ్లిన ఇళ్లలో పురుడే విమానమెక్కింది. అక్కడి 1993 చట్టం 12 వారాల సెలవు ఇస్తుంది, అది కూడా జీతం లేకుండా. విజిటర్ వీసా మీద వెళ్లిన పెద్దవాళ్లను సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. దాంతో తెలుగు కుటుంబాలు ఒక పద్ధతి కనిపెట్టాయి. కాన్పుకు అమ్మమ్మా తాతయ్యా వస్తారు. ఆరు నెలలు కాగానే వాళ్లు విమానమెక్కుతారు, నానమ్మా తాతయ్యా దిగుతారు. ఇక్కడ బిడ్డ ఇల్లు మారితే, అక్కడ పెద్దవాళ్లు మారతారు. ఉగ్గు పెట్టే చెయ్యి మారేది అదే ఆరో నెలలో. రెండు విడతలూ అయ్యాక డే కేర్ ఖర్చు చూసి భయపడి, బిడ్డనే అమ్మమ్మతో ఇండియాకు పంపేవాళ్లూ ఉన్నారు.

వచ్చిన పెద్దవాళ్లకు కారు నడపడం రాదు, పగలంతా ఇంట్లో బిడ్డ తప్ప మాట్లాడే మనిషి ఉండదు. డల్లాస్ శివార్లలోనో, న్యూజెర్సీలోనో సాయంత్రం పార్కు చుట్టూ స్ట్రోలర్ తోసుకుంటూ, చీర మీద స్వెటర్, కాళ్లకు కోడలు కొన్న బూట్లతో నడిచేవాళ్లు వాళ్లే. ఎదురుపడ్డ రెండో రోజుకే తెలుగని తెలిసిపోతుంది.

"మీరొచ్చి ఎన్నాళ్లయిందండీ?"

"ఐదు నెలలు నిండాయి. పదో తారీఖు ప్రయాణం."

"మరి బాబునెవరు చూస్తారు?"

"వియ్యాలవారు వస్తున్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. మీరు రోజూ ఇటే వస్తారుగా, ఆవిడొచ్చాక కాస్త పలకరిస్తూ ఉండండి. వాడికి అరటిపండు పడదు, ఆవిడకు చెప్పాను గానీ, మీరూ ఓసారి గుర్తు చెయ్యండి."